బాతు ఇచ్చే ఆయన

ఆయన పోయాడని నాకు ఎవరూ చెప్పలేదు. నా ఫోనులో ఆయన నంబరు పక్కన ఎప్పుడూ ఒక పెంగ్విన్ బొమ్మ ఉండేది. మొన్నొక రోజు బడిలో విరామం వేళ చూస్తే పెంగ్విన్ లేదు, మగ్గం ముందు నిలబడ్డ ఒక ఆడమనిషి ఫొటో ఉంది. ఫోన్ చేస్తే ఆయన కూతురు ఎత్తింది.

"నాయన పోయి నెల దాటింది మేడం. నంబరు నేనే వాడుతున్న," అంది. ఏమైందని అడిగితే, "ఏం కాలే. పొద్దుగాల చాయ తాగి మల్ల జరసేపు పండుకున్నడు. లేవలే," అంది.

ఆయన ఎప్పుడు పుట్టాడో, ఎంతవరకు చదువుకున్నాడో నాకు తెలియదు. ఆయన కూర్చునే తీరు తెలుసు, చదివే తీరు తెలుసు, సంతోషమేస్తే అనే మాట తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. ఆయనకు నేనొక అబద్ధం చెప్పాను. అది అబద్ధమని ఆయన బతికుండగా ఒప్పుకోలేకపోయాను. ఆరేళ్లలో గద్వాలకు ఎన్నిసార్లు పోయానో అన్నిసార్లూ ఈసారి చెప్పేద్దామనుకునే బస్సెక్కాను. పిల్లలకు గుణింతం తప్పితే గోడకుర్చీ వేయించే టీచరును, నా తప్పు దగ్గరకు వచ్చేసరికి నోరు పెగల్లేదు.

ముందు ఆయన కూర్చునే తీరు చెబుతాను. గద్వాలలో నేత పనివాళ్ల వీధిలో ఇల్లు. ముందు గదిలో ఒకప్పుడు గుంత మగ్గం ఉండేది. నేసే మనిషి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవడానికి నేలలో తవ్వుకునే గుంత అది. కూతురు పక్క గదిలో వేరే మగ్గం పెట్టుకున్నాక, ఈ మగ్గం తీసేసి ఆ చోట కంప్యూటరు పెట్టాడు. అందరూ చేసేట్టు గుంత పూడ్చి బల్ల వేయలేదు. కంప్యూటరును నేల మీదే ఒక పీట మీద పెట్టి, తను గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసుకుని మౌసు పట్టుకునేవాడు. చీర అంచుల డిజైన్లన్నీ అట్లాగే కూర్చుని గీసేవాడు. వచ్చినవాళ్లు ఎదురుగా నేల మీద చాప వేసుకుని కూర్చోవాలి. "కుర్చీల కూసుంటే నా చేతులకు పని గుర్తుకురాదు," అనేవాడు.

ఆయన దగ్గరికి జనం డిజైన్ల కోసం కాక ఇంకో పని మీద కూడా వచ్చేవారు. లినక్స్ అని, కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కాపీ చేసి ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. దాని గుర్తు పెంగ్విన్. జీవితమంతా అంచుల మీద హంసలు గీసిన మనిషికి అది బాతులాగే కనపడింది. బాతు అనే పేరు పెట్టాడు. వీధిలో అందరికీ అదే పేరు.

నేను వీపనగండ్ల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఒక బ్యాంకువాళ్లు తమ దగ్గర మూలనపడ్డ పది పాత కంప్యూటర్లు మా బడికి ఇచ్చారు. ఇచ్చేముందు లోపల ఉన్నదంతా తుడిచేశారు. మీట నొక్కితే నల్లటి తెర మీద ఒక తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ ఉండేది, అంతే. వనపర్తిలో ఒక దుకాణం వాడు అందరూ వేసుకునే దొంగ కాపీ వేసిపెడతానన్నాడు. మా హెడ్మాస్టరు హడలిపోయాడు. "గవర్నమెంటు బడిల దొంగ సరుకు పెడితే రేపు నా మెడకు చుట్టుకుంటది మేడం. మీరు లెక్కల టీచరు గద, మీరే ఏదన్న చూడుండ్రి," అన్నాడు. లెక్కలకూ దీనికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంతలో కబురొచ్చింది. శుక్రవారం నాడు జిల్లా నుంచి అధికారి వస్తాడు, నడవని కంప్యూటర్లను అడుగుతున్న ఇంకో బడికి పంపించేస్తారు. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు అప్పటికే ఆ గది కడిగి, సున్నం కొట్టి, ఇళ్ల నుంచి పాత చీరలు తెచ్చి కిటికీలకు కట్టారు. అందులో ఒక పిల్ల అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక దాని మీద వేళ్లు ఆడించేది. మిషన్లు పోతే ఆ పిల్లకు ఏం చెప్పాలి? ఫోనులో దించుకుందామని రెండుసార్లు చూశాను. ఫైలు చాలా పెద్దది, రెండుసార్లూ సగంలో ఆగిపోయింది. అప్పుడు మా అటెండరు అన్నాడు, "గద్వాలల ఒకాయన బాతు ఇస్తడంట మేడం, ఉత్తగనే."

సోమవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, పెబ్బేరులో బస్సు మారి, కృష్ణ దాటి గద్వాల చేరాను. ఎవరు పంపారని కూడా ఆయన అడగలేదు.

"ఎన్ని మిషన్లు?"

"పది, సార్."

"సార్ గీర్ వద్దు, నేసేటోన్ని. కొత్తయా, పాతయా?"

"బాగ పాతవి పెద్దనాయనా."

"అయితే రెండు బాతులు తీస్కపో. కొత్త మిషన్లకొకటి, పాతవాటికొకటి. రేపు ఎవరన్న కొత్తయి ఇస్తే మల్ల ఇంత దూరం రావద్దు గద."

ఎంత ఇవ్వమంటారని అడిగాను. నేనేదో కాని మాట అన్నట్టు చూశాడు. "పైసలు వద్దు. చదువాలె," అన్నాడు.

ఆ చదవడం ఏమిటో చెప్పాలి. లినక్స్ తయారుచేసేవాళ్లు ఒక్కో ఫైలుకు ఒక పొడుగాటి వరుస ప్రకటిస్తారు. మొత్తం అరవై నాలుగు గుర్తులు. కొన్ని అంకెలు, కొన్ని ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. మన కాపీని కంప్యూటరు చేత లెక్క కట్టిస్తే అదే వరుస రావాలి. వస్తే కాపీ మంచిది. ఫైలులో ఎక్కడ ఇసుమంత తేడా ఉన్నా వరుస మొత్తం మారిపోతుంది. ఆయన అసలు వరుసను డిజైన్లు గీసే గళ్ల కాగితం మీద, గడికొక గుర్తు చొప్పున తన చేత్తో రాసిపెట్టుకునేవాడు. తెరను వచ్చినవాళ్ల వైపు తిప్పి, కాగితం పట్టుకుని ఆయన పైకి చదువుతాడు. వచ్చినవాళ్లు తెర మీద చూసి, ఉంటే "ఉన్నది" అనాలి. చీర అంచు గ్రాఫును నేతవాళ్లు ఇట్లాగే సరిచూసుకుంటారట, ఒకరు చదువుతూ, ఒకరు పలుకుతూ.

పక్క గదిలో మగ్గం చప్పుడుకు బి, సి, డి, ఇ అన్నీ ఒకేలా వినపడతాయి కాబట్టి ఆ ఆరు అక్షరాలకు అంచుల మీద వేసే బొమ్మల పేర్లు పెట్టుకున్నాడు. ఏ అంటే హంస, బి అంటే నెమలి, సి అంటే రుద్రాక్ష, డి ఏనుగు, ఇ మామిడిపిందె, ఎఫ్ కోటకొమ్మ.

"మూడు. హంస. హంస. ఏడు."

"ఉన్నది. ఉన్నది. ఉన్నది. ఉన్నది."

"ఏనుగు. సున్న. కోటకొమ్మ."

నాకు నవ్వొచ్చింది. అదంతా కంప్యూటరే సరిపోల్చుకుంటుంది, ఒక్క ఆదేశం ఇస్తే చాలని ఎక్కడో చదివాను. పెద్ద తెలిసినదానిలా ఆ మాట అనేశాను.

"తెలుసు," అన్నాడాయన. "అది సరే అంటే నువ్వు సరే అంటవ్. నువ్వు చూసినట్టెట్లయితది? వాళ్లెవరో మన మొఖం గూడ చూడకుండ ఉత్తగ ఇస్తున్నరు. ఉత్తగిచ్చిన్రని ఉత్తుత్తగ తీస్కపోతమా?"

కాగితంలో మూడో వరుస చదువుతూ ఆయన "రుద్రాక్ష" అన్నాడు. తెర మీద చూస్తే ఎనిమిది ఉంది. "కాదు పెద్దనాయనా, ఎనిమిది," అన్నాను. కాగితం కళ్ల దగ్గరకు తెచ్చుకుని, "హౌదా!" అని మొహమంతా నవ్వాడు. ఆయన భార్య రాయచూరు వైపు ఆమెనట. అవునా అనే ఆ ఒక్క కన్నడ మాట ఆయన దగ్గర ఉండిపోయింది. లోపలికి కేకేసి నాకు చాయ్ తెప్పించాడు. పాపం, చూపు ఆనడం లేదు, అయినా ఈ పని పెట్టుకున్నాడు అనుకున్నాను.

మొదటి బాతు నా పెన్‌డ్రైవులోకి ఎక్కి, చదవడం అయ్యేసరికి పొద్దు వాలింది. పెబ్బేరు నుంచి మా ఊరి చివరి బస్సు దొరకాలంటే అప్పటికప్పుడు లేవాలి. రెండో బాతుకు ఆయన చదవడం మొదలుపెట్టాడు. నేను ఒక చేత్తో సంచిలో సామాను సర్దుకుంటూ, ఫోనులో టైము చూసుకుంటూ, ఉన్నది, ఉన్నది అంటూ పోయాను. తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అదే నా తప్పు. మధ్యలో ఆయన ఒకసారి ఆగాడు.

"ఇంకోపారి చదువుదమా?"

"బస్సు పోతది పెద్దనాయనా. అన్నీ ఉన్నయి."

ఆయన పెన్‌డ్రైవు తీసి నా చేతిలో పెట్టి, "నడువకుంటే రా. సిగ్గుపడకు," అన్నాడు.

మా పాత మిషన్లకు కావలసింది ఆ రెండో బాతే. మంగళవారం మొదటి దానికి పెట్టాను. సగం దాకా పోయి ఆగింది. రెండో దానికి పెట్టాను, అక్కడే ఆగింది. పదింటికీ పెట్టాను. పదీ ఒక్కచోటే ఆగాయి. అట్టముక్క మీద టైపు నేర్చుకునే పిల్ల నా పక్కనే నిలబడి, "మేడం, మేమేమన్న తప్పు నొక్కినమా?" అని అడిగింది. మీరు కాదమ్మా అన్నాను. అంతవరకు నిజమే చెప్పాను.

బుధవారం మళ్లీ గద్వాల. దారి పొడుగునా ఒకటే ఆలోచన. చూడలేదని చెప్పాలా? లెక్కల టీచరును, అరవై నాలుగు గుర్తులు చూడడానికి బద్ధకించానని ఎట్లా చెప్పను? ఆయన గుంతలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. కూతురు ముందు గదిలోనే ఒక పక్కన కండెలకు దారం చుడుతోంది.

"ఎక్కలేదు పెద్దనాయనా. సగంల ఆగిపోతుంది."

"చదివినం గద?"

"చదివినం. మీరు చదివిన్రు, నేను చూసిన. అన్నీ ఉండె."

కూతురు చుట్టడం ఆపి నా వైపు చూసింది. ఆయన అద్దాలు తీశాడు, లుంగీ కొసతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే నా కండ్లే మోసం చేసినయమ్మా," అన్నాడు. "నేనే తప్పు చదివిన. ఈపారి నువ్వు చదువు, నేను చూస్త."

ఆ మాట వినగానే నాకు చెంప మీద కొట్టినట్టయింది. పాత కాపీలో ఏం తేడా వచ్చిందో చూద్దామా అని, తేలిపోతుందేమోనన్న భయంతోనే అడిగాను. "అది చూసుడెందుకు, తుడిపెయ్యి," అన్నాడు. నా పెన్‌డ్రైవు చెడిపోయి ఉంటుందని తనదొకటి ఇచ్చాడు. అమ్మయ్య అనుకున్నాను. ప్రతిదీ గడి గడీ సరిచూసే మనిషి ఆ ఒక్కదాన్ని ఎందుకు చూడలేదో అప్పుడు నాకు తట్టలేదు.

గళ్ల కాగితం నా చేతిలో పెట్టి, తెరను తన వైపు తిప్పుకున్నాడు. నేను చదివాను. హంసను హంస అని, ఏనుగును ఏనుగు అని, గడి గడికీ వేలు పెట్టి చదివాను. అంత శ్రద్ధగా నేను నా డిగ్రీ పరీక్ష కూడా రాయలేదు. ఆయన ప్రతిదానికీ ఆగి, చూసి, "ఉన్నది" అనేవాడు. అరవై నాలుగోది అయ్యాక, "ఇగ పో. బస్సు కోసం ఉరకకు, ఇంక టైముంది," అన్నాడు.

గురువారం పదింటిలో ఎనిమిది నడిచాయి. మిగతా రెండింటిలో వేరే ఏదో చెడింది. శుక్రవారం అధికారి వచ్చి, చూసి, కాగితం మీద సంతకం పెట్టి పోయాడు. మిషన్లు మా బడిలోనే ఉండిపోయాయి. ఆ పిల్ల మొదటగా టైపు చేసింది వాళ్ల ఊరి పేరు.

ఆ తర్వాత నేనూ బాతులు ఇచ్చేదాన్నయ్యాను. మానవపాడు టీచరొకాయనకు ఇచ్చాను, నాగర్‌కర్నూల్‌కు బదిలీ అయ్యాక బల్మూర్ బడికి ఇచ్చాను. కొత్తది వచ్చినప్పుడల్లా గద్వాల పోయి ఆయన దగ్గరే తెచ్చుకునేదాన్ని. ఇంట్లో మంచి నెట్టు వచ్చాక కూడా పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ ఆయన కాగితం నాకే ఇచ్చేవాడు. "నా కండ్ల సంగతి నీకెరుకే గద," అనేవాడు. ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమనేది. ఒక మంచి మనిషి తన చూపు మీద తనే నమ్మకం పోగొట్టుకోవడానికి నేను కారణం. కంటి శిబిరం ఎక్కడ పెట్టినా ఆ చీటీ తీసుకుపోయి ఇచ్చేదాన్ని. "పోతతియ్," అని జేబులో పెట్టుకునేవాడు. పోయేవాడు కాదు. "పెద్దనాయనా, ఆ దినం..." అని నేను ఎత్తుకుంటే, "ఈ కొత్త బాతుల తెలుగు అక్షరాలు మంచిగున్నయి, చూస్తవా?" అని అడ్డం వచ్చేవాడు.

ఒకసారి మాత్రం తన సంగతి ఒకటి చెప్పాడు. పెళ్లికాని రోజుల్లో ఎవరి పెళ్లిలోనో వడ్డనకు నిలబడి, పంక్తిలో ఒకావిడ కట్టుకున్న చీర అంచు చూశాడట. ఎన్నడూ చూడని అంచు. ఆ పంక్తికే నాలుగుసార్లు పప్పు తీసుకుపోయి, చూసిచూసి కంఠతా పట్టి, ఇంటికొచ్చి గీసి, మగ్గానికి ఎక్కించాడు. ఆ అంచును మొదట గీసిన పెద్ద నేతగాడు ఒకరోజు ఇంటికొచ్చి మగ్గం మీద దాన్ని చూశాడు.

"తిట్టలే టీచరమ్మా. తిడితే బాగుండు. ఒక్క మాటనకుండ లేసి పోయిండు. మా దాంట్ల కాపీ అంటే అట్లుంటది. మల్ల గిన్నేండ్లకు, నన్ను కాపీ కొట్టు, కొట్టి ఇంకొకలకు ఇయ్యి అన్నది ఈ బాతొక్కటే చూసిన నేను. నమ్మకం కాక అండ్ల రాసింది మూడుపార్లు ఇంగ్లీషు వచ్చినోళ్లతోని చదివిపిచ్చుకున్న."

కూతురితో మాట్లాడి ఫోను పెట్టేశాక ఆ ఆదివారమే గద్వాల పోయాను. గదిలో కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. గుంత అట్లాగే ఉంది. కూతురు చాప వేసింది. నా కంటే పదేళ్లు పెద్దది, చేతులకు పట్టుదారం రాపిడి గీతలు. ఏం మాట్లాడాలో తెలియక, ఎప్పుడూ అడిగేదే అడిగాను.

"చివరికి కండ్లు బాగ ఇబ్బంది పెట్టినయా అక్కా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "కండ్లా? నాయనకు కండ్లకేమైంది? నా మగ్గం మీద పడుగు పోగు తెగితే మొన్నమొన్నటి దాక ఆయనే అతికిచ్చేటోడు. నాకు కండ్లద్దాలు వచ్చినయి గని ఆయనకు ఆనకపోవుడేంది?"

"మరి చదివేటప్పుడు తప్పు చదివేటోడు గద? రుద్రాక్ష అంటే అక్కడ ఎనిమిది ఉండేది."

"అది దొంగపోగు మేడం," అని నవ్వింది. "మా గ్రాఫు చదువుల్ల అట్లనే చేస్తరు. చదివేటాయన కావాలనే నడుమ ఒక తప్పు చదువుతడు. ఎదుటి మనిషి చూస్తుండా, ఉత్తగ ఉన్నది ఉన్నది అంటుండా తెల్వాలె గద. పట్టుకుంటే నాయనకు పండుగే, చాయ తాపిచ్చేటోడు. వచ్చినోళ్లందరికి ఒక్కో బాతుకు ఒక్కో దొంగపోగు ఏసేటోడు."

ఒక్కో బాతుకు ఒకటి. అయితే ఆ రోజు రెండో బాతులోనూ వేసి ఉంటాడు. వేశాడు. నేను దానికీ ఉన్నది అన్నాను. అందుకే ఆగాడు, అందుకే ఇంకోసారి చదువుదామా అన్నాడు. నేను చూడలేదని ఆయనకు ఆ సాయంత్రమే తెలుసు. బుధవారం నాడు నేను అన్నీ చూశానని చెప్పినప్పుడూ తెలుసు. తెలిసే అద్దాలు తుడుచుకున్నాడు. తెలిసే తన కళ్ల మీద వేసుకున్నాడు. ఆరేళ్లు నేను తెచ్చిన కంటి చీటీలన్నీ జేబులో పెట్టుకున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గుతో వచ్చిందో, ఆయన లేడని వచ్చిందో చెప్పలేను, రెండూ ఉన్నాయి. అప్పుడు చెప్పాను, ఆయనకు చెప్పవలసిన మాట ఆయన కూతురికి.

"అక్కా, ఆ దినం నేను చూడలే. ఒక్కటి గూడ చూడలే. చూసిననని అబద్ధం చెప్పిన. తప్పు నాది, మీ నాయనది కాదు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"నాకెరుకనే మేడం. మీరు దొంగపోగు పట్టలేదని నాయన ముందే చెప్పిండు. నేను అప్పుడే అడగబోతే నాయన కండ్లతోని వద్దన్నడు. మీరు పోయినంక నాకు కోపమొచ్చి లొల్లి పెట్టుకున్న. టీచరమ్మ ఒకనాడు తనే చెప్తది, నేనున్నా లేకున్నా చెప్తది అన్నడు. చెప్పిననాడు నువ్వేమనకు, అన్నం పెట్టు అన్నడు. లెవ్వుండ్రి, కాళ్లు కడుక్కోండ్రి."

జొన్నరొట్టె, పుంటికూర, అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ఆయన చెప్పినట్టుగానే ఆమె ఒక్క మాట అనలేదు. నేను తిన్నాను. చాలని లేవబోయి, మళ్లీ కూర్చుని, ఇంకొంచెం పెట్టమని అడిగి తిన్నాను.